గోడలు కలిసినా.. గాలి ఆగరాదు!
చిన్న స్థలాల్లో ఇరుగుపొరుగు బతుకులు
మాణికేశ్వర్ నగర్ చెబుతున్న పాఠం

తార్నాక: ఒక పక్క వందలాది ఎకరాల్లో విస్తరించిన విశ్వవిద్యాలయ ప్రాంగణం. చెట్ల నీడలు, విశాలమైన రహదారులు, గులాబీ గ్రానైట్ రాతితో ఠీవిగా నిలిచిన ఆర్ట్స్ కళాశాల. మరో పక్క గజాల్లో కొలుచుకునే ఇళ్ల స్థలాలు, ఒకరి గోడే మరొకరికి గోడగా సాగే వరుసలు, ఎదురెదురుగా ఇద్దరు వస్తే ఒకరు ఒదిగి నిలబడాల్సిన సందులు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్ పరిస్థితి ఇది. నగరంలోని అనేక బస్తీల్లో ఇదే చిత్రం కనిపిస్తుంది. ఇళ్లు ఇంత దగ్గరగా ఉండటమే దోషమా? లేక దగ్గరగా ఉన్నప్పుడు పాటించాల్సిన హద్దులు చెరిగిపోవడం దోషమా? నిబంధనలను, నిర్మాణ రీతులను పరిశీలిస్తే రెండోదే అసలు సమస్య అని స్పష్టమవుతుంది.

పేరులోనే రాతిపని

మాణికేశ్వర్ నగర్‌కు వడ్డెర బస్తీ అన్న పేరూ ఉంది. వడ్డెరల కులవృత్తి రాతిపని, మట్టిపని. చెరువు కట్టలు, బావులు, కోట గోడలు, రహదారులు.. తెలుగు నేలపై ఏది చూసినా వారి సమ్మెట దెబ్బ పడని చోటు అరుదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఆరంభమైంది. ఆర్ట్స్ కళాశాల భవనానికి 1934లో శంకుస్థాపన జరగగా, 1939లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దాన్ని ప్రారంభించారు. రాతి సౌధానికి పొరుగున రాతిపనివారి పేరుతో ఒక బస్తీ ఉండటం గమనార్హం.

కాలక్రమంలో నగరం విస్తరించింది. ఒకప్పటి శివారు నేడు నగరం నడిబొడ్డుకు చేరింది. విశ్వవిద్యాలయం, రైల్వే, తార్నాక కూడలి చేరువలో ఉండటంతో తక్కువ అద్దెకు గది కోరేవారికి ఇలాంటి బస్తీలే దిక్కయ్యాయి. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే జిల్లాల విద్యార్థులు, దినసరి కూలీలు, చిరుద్యోగులు ఇక్కడే తలదాచుకుంటారు. పైన ఒక గది వేస్తే నెలనెలా అద్దె వస్తుంది. కూలి దొరకని రోజున ఆ ఇంటికి అదే ఆధారం. అందుకే రేకుల ఇల్లు స్లాబుగా, స్లాబుపై మరో అంతస్తుగా పెరుగుతూ వస్తుంది. ఒకరికి జీవనాధారమైన ఆ అంతస్తే పొరుగువారి వెలుతురుకు అడ్డమవుతుంది. తగవు ఇక్కడే మొదలవుతుంది.

పల్లెలోనూ ఇదే తీరు.. కానీ!

ఇళ్లు ఆనుకుని ఉండటం నగరం తెచ్చిన విడ్డూరం కాదు. తెలంగాణ పల్లెల్లో గ్రామకంఠంలోని పాత ఇళ్లను చూస్తే గోడకు గోడ కలిసే ఉంటాయి. ఎండ వేడిమి నేరుగా తగిలే గోడల సంఖ్య తగ్గుతుంది గనుక వేసవిలో ఇల్లు చల్లగా ఉంటుంది. ఒకే గోడ ఇద్దరికీ సరిపోవడం వల్ల ఖర్చూ కలిసివస్తుంది. అయితే ఆనాటి భవంతి ఇళ్లకు నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి ఉండేది. పక్క గోడలు మూసుకున్నా గాలి, వెలుతురు పైనుంచి దిగేవి. నేటి చిన్న స్థలాల్లో పక్క గోడలు మిగిలాయి గానీ నడిమి వాకిలి మాయమైంది. ఇంటి ముందు సందు ఒక్కటే గాలికి దారి. ఆ దారినీ సజ్జలు, మెట్లు ఆక్రమిస్తే ఇల్లు పెట్టెగా మారుతుంది.

లెక్క ఇలా ఉంది

పద్దెనిమిది అడుగుల వెడల్పు, ముప్ఫై అడుగుల పొడవు గల స్థలాన్ని తీసుకుందాం. అది 540 చదరపు అడుగులు, అంటే 60 గజాలు. మీటర్లలో చెప్పాలంటే సుమారు 50 చదరపు మీటర్లు. ఇందులో ముందు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా ఒక్కో మీటరు చొప్పున వదిలితే ఇల్లు కట్టుకోవడానికి దాదాపు 23 చదరపు మీటర్లే మిగులుతాయి. సగం స్థలం కూడా దక్కదు. పెద్ద స్థలాల నిబంధన చిన్న స్థలానికి వర్తింపజేస్తే పేదవాడు ఇల్లే కట్టుకోలేడన్నమాట.

ఈ వాస్తవాన్ని ప్రభుత్వమూ గుర్తించింది. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్ 7న వెలువడిన జీవో 168లోని భవన నిర్మాణ నిబంధనలు ఇందుకు నిదర్శనం. వాటి ప్రకారం 50 చదరపు మీటర్ల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు పక్కల్లో ఖాళీ వదలాల్సిన పని లేదు. 50 నుంచి 100 చదరపు మీటర్ల స్థలంలోనూ 7 మీటర్ల వరకు ఇదే వెసులుబాటు ఉంది. ఎత్తు 10 మీటర్లకు చేరితే అర మీటరు వదలాలి. 100 నుంచి 200 చదరపు మీటర్ల స్థలంలో 10 మీటర్ల ఎత్తుకు పక్కల ఒక మీటరు విడవాలి. అయితే ఈ మూడు తరగతుల్లోనూ 12 మీటర్ల లోపు వెడల్పున్న వీధిలో ఇంటి ముందు మీటరున్నర ఖాళీ తప్పనిసరి.

నిబంధనలోని మర్మం ఇక్కడే ఉంది. పక్క గోడలు కలవడానికి చట్టం అంగీకరించింది. ముందు జాగా మూసుకోవడానికి మాత్రం అంగీకరించలేదు. ఎత్తు పెరిగే కొద్దీ ఖాళీ పెరగాలని షరతు విధించింది. ఆచరణలో జరుగుతున్నది ఇందుకు విరుద్ధం. ఎత్తు పెరుగుతోంది, ముందు జాగా తరుగుతోంది.

ఎండ ఎంతసేపు?

సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున కదులుతాడు. ఉత్తర దక్షిణాలుగా సాగే పది అడుగుల సందులో ఇరుపక్కలా 7 మీటర్ల ఇళ్లు ఉంటే, ఒక వైపు గోడ మొదట్లో ఎండ పడేది రోజుకు సుమారు గంటన్నర. ఇళ్లు 10 మీటర్లకు పెరిగితే అది గంటకు కాస్త పైన. మరో అంతస్తు లేస్తే గంట కూడా నిలవదు. అదే సందులోకి రెండు వైపుల నుంచి మూడేసి అడుగుల సజ్జలు చొచ్చుకొస్తే పైన కనిపించే ఆకాశం నాలుగు అడుగులే. కింది ఇంట్లో పగలు కూడా దీపం వెలిగించాలి. ఆరని బట్టలు, గోడలకు చెమ్మ, పిల్లలకు దగ్గు.. ఇవన్నీ దాని పర్యవసానాలే. గాలి ఆడని గదుల్లో క్షయ వంటి వ్యాధులు ఒకరి నుంచి ఒకరికి సులువుగా సోకుతాయన్నది వైద్యులు ఏనాటి నుంచో చెబుతున్న మాట.

పొడి వేడి వాతావరణంలో గది వైశాల్యంలో కనీసం పదో వంతు మేర కిటికీలు, వెంటిలేటర్లు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి సూచిస్తోంది. పదడుగుల చదరపు గదికి పది చదరపు అడుగుల కిటికీ అన్నమాట. పక్కగోడకు కిటికీ పెట్టలేని చోట వెనుక మూలన మూడు, నాలుగు అడుగుల జాగాను ఆకాశానికి తెరిచి ఉంచితే వంటగది పొగ పైకి పోతుంది, వెలుతురు కిందికి దిగుతుంది. కొత్తగా కట్టేవారు ఈ ఒక్క జాగ్రత్త తీసుకున్నా ఇంటి తీరు మారిపోతుంది.

అర అడుగు సందుతో తిప్పలు

రెండు ఇళ్ల నడుమ అర అడుగు, అడుగు వదలడం మరో చిక్కు. మనిషి దూరలేని ఆ సందులో వాన నీరు నిలుస్తుంది, చెత్త పేరుకుంటుంది, ఎలుకలు చేరతాయి. సిమెంటు పూత వేయడానికి మేస్త్రీ కూడా లోపలికి వెళ్లలేడు గనుక ఆ వైపు గోడలు పచ్చిగానే మిగిలి రెండిళ్లకూ చెమ్మ దిగుతుంది. ఇద్దరూ మాట్లాడుకుని ఉమ్మడి గోడ కట్టుకోవడం, లేదా మనిషి నడిచేంత జాగా విడవడం మేలు. ఇప్పటికే సందు ఉన్నట్లయితే వాన నీరు దిగకుండా పైభాగాన్ని వాలుగా మూయించాలి.

ఉమ్మడి గోడపై అంతస్తు లేపే ముందు ఆ గోడ ఎంత బరువుకు కట్టినదో తెలుసుకోవాలి. ఒక అంతస్తుకు సరిపోయే పునాదిపై మూడు అంతస్తులు మోపితే ముప్పు ఇద్దరికీ వాటిల్లుతుంది. పొరుగు పునాది పక్కనే సంపు కోసం గొయ్యి తవ్వడమూ అంతే ప్రమాదకరం.

తీగకు నాలుగడుగులు

ఇరుకు సందుల్లో కంటికి కనిపించే గండం విద్యుత్ తీగలు. నిబంధనల ప్రకారం ఇళ్లకు కరెంటు ఇచ్చే తక్కువ వోల్టేజీ తీగలకు, భవనానికి మధ్య పక్కవైపు కనీసం 1.2 మీటర్లు, డాబాకు పైన 2.5 మీటర్ల ఎడం ఉండాలి. అంటే పక్కకు నాలుగడుగులు, పైకి ఎనిమిది అడుగుల పైచిలుకు. సజ్జ ముందుకు జరిపిన ప్రతిసారీ ఈ ఎడం తగ్గిపోతుంది. తడి బట్టలు ఆరేసే చేయి, ఇనుప చువ్వ ఎత్తిన కూలీ చేయి తీగకు అందేంత దగ్గరవుతాయి. అగ్నిప్రమాదం జరిగితే ఫైరింజన్ సందు మలుపు వద్దే ఆగిపోతుంది. సందులోకి దిగిన మెట్లు, నిలిపిన బండ్లు లేకుంటే కనీసం నీళ్ల గొట్టమైనా, అంబులెన్స్ స్ట్రెచరైనా లోపలికి పోగలవు.

నల్లా నీటి విషయంలోనూ ఇదే పొరుగు ధర్మం వర్తిస్తుంది. ఒకరు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే అదే గొట్టంపై ఆధారపడిన చివరి ఇంటికి బిందె నిండదు. నల్లాలకు మోటార్లు బిగించే వారిపై జలమండలి 2025 ఏప్రిల్‌లో ప్రత్యేక తనిఖీలు చేపట్టి, 5 వేల రూపాయల జరిమానా ప్రకటించింది.

వెలుతురుపై హక్కు ఉందా?

పొరుగువారు గోడ లేపి తమ కిటికీ మూసేశారన్నది బస్తీల్లో తరచూ వినిపించే ఫిర్యాదు. ఒక కిటికీ ద్వారా 20 ఏళ్ల పాటు నిరాటంకంగా, శాంతియుతంగా గాలి, వెలుతురు పొందుతున్నవారికి వాటిపై చట్టరీత్యా హక్కు సంక్రమిస్తుంది. పక్క స్థలం ప్రభుత్వానిదైతే ఈ గడువు 30 ఏళ్లు. అంతకన్నా తక్కువ కాలమైతే కేవలం కిటికీ ఉందన్న కారణంతో పొరుగువారి నిర్మాణాన్ని ఆపలేరు. హక్కు ఉన్నా వెలుతురు కొంత తగ్గితే చాలదు, నివాసానికి ఇబ్బంది కలిగేంతగా తగ్గిందని నిరూపించాలి. కోర్టు మెట్లు ఎక్కితే ఏళ్లు పడుతుంది. కాబట్టి స్లాబు పోయకముందే మాట్లాడుకుని, ఒప్పుకున్నది కాగితంపై రాసుకోవడం ఉత్తమం.

కాగితమే అసలు పునాది

తెలంగాణ ప్రభుత్వం 2020లో తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల వరకు కట్టే ఇళ్లకు అనుమతి అవసరం లేకుండా చేసింది. రూపాయి రుసుముతో ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలునంది. అంతకు మించి 600 గజాల వరకు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి కల్పించింది. తప్పుడు వివరాలు ఇస్తే నోటీసు లేకుండానే కూల్చే అధికారమూ యంత్రాంగానికి ఇచ్చింది.

కానీ ఈ సదుపాయం పొందాలంటే స్థలంపై హక్కు పత్రం ఉండాలి. బస్తీల్లో అనేకులకు లేనిది అదే. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు నివాసానికి ఆధారాలే తప్ప యాజమాన్యానికి రుజువులు కావు. నోటరీ కాగితం రిజిస్ట్రేషన్‌కు సమానం కాదు. ప్రభుత్వ స్థలాల్లో ఇళ్లు వేసుకున్న నిరుపేదలకు 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరించేందుకు 2014 డిసెంబరు 30న జీవో 58 వెలువడింది. నాడు పట్టా పొందినవారికి ఊరట లభించింది. పత్రం లేని ఇంటికి బ్యాంకు రుణం పుట్టదు. ఇంజినీరును పిలిచి నక్షా గీయించుకునే ధైర్యమూ ఉండదు. ఎప్పుడు ఎవరు వచ్చి ఆపుతారోనన్న భయంతో రాత్రికి రాత్రే స్లాబు పోస్తారు. నాసిరకం కట్టడానికి, హద్దు మీరిన సజ్జకు ఆ భయమే మూలం. భద్రత లేని స్థలంలో భద్రమైన ఇల్లు ఆశించడం అత్యాశే అవుతుంది.

కట్టే ముందు..

చిన్న స్థలంలో ఇల్లు కట్టేవారు నాలుగు విషయాలు గుర్తుంచుకోవాలి. ముందు మీటరున్నర జాగాలో మెట్లు, అరుగు కట్టరాదు. వాన నీటి గొట్టాన్ని పొరుగు గోడపైకి గాక కాలువలోకి దించాలి. మురుగునీటి మ్యాన్‌హోల్‌పై బండ పరిచి మూసేయరాదు, అది నిండితే ముందుగా మునిగేది మూసినవారి ఇల్లే. పై అంతస్తు వేసే ముందు ఇటు అటు ఉన్న రెండిళ్ల వారికి చెప్పి, గోడ బలం చూపించుకోవాలి.

యంత్రాంగం వైపు నుంచీ జరగాల్సింది ఉంది. కూల్చివేతల హెచ్చరికలతోనే సరిపెట్టకుండా బస్తీకి ఒక ఇంజినీరును కేటాయించి, 60 గజాలకు తగిన నమూనా నక్షాలు ఉచితంగా అందిస్తే ఎంతో మేలు జరుగుతుంది. తీగలను కవచం ఉన్న కేబుళ్లుగా మార్చడం, ప్రతి సందుకూ హద్దు గీత గీసి చూపడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

బస్తీలో పొరుగువారి దగ్గరితనానికి మరో ముఖం కూడా ఉంది. రాత్రివేళ ఎవరికైనా ఆయాసం వస్తే గోడ అవతలి వారికి ముందు వినిపిస్తుంది. పనికి వెళ్లిన తల్లి బిడ్డను చూసేది ఎదురింటి పెద్దమ్మే. ఆ తోడు పోకుండా, గాలీ వెలుతురూ ఆగకుండా ఇళ్లు పెరగాలంటే సందును ఎవరికీ చెందని జాగాగా గాక అందరి ఉమ్మడి ఆస్తిగా చూడాల్సిన అవసరం ఎంతైనా ఉంది.