పాతబియ్యం వయసెంత?

గుడివాడలో గానీ బందరులో గానీ బియ్యం కొట్టుకు వెళ్ళినవారు రకం పేరు చెప్పాక అడిగే మాట ఒకటే: పాతవేనా? అదే సాంబమసూరి, అదే పొలం, అదే మిల్లు అయినా సంక్రాంతి ముందు సంచికి ఒక ధర, ఏడాది తిరిగాక మరో ధర. పిండిపదార్థం ఎప్పుడైనా పిండిపదార్థమే కదా, గోదాములో ఊరికే పడి ఉన్నందుకు కొత్తగా రుచి ఎక్కడినుంచి ఊడిపడుతుంది అని కొట్టిపారేసేవారు ఉన్నారు. అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ఊరికే పడి ఉందనుకునే ఆ నెలల్లో గింజ లోపల పని జరుగుతూనే ఉంటుంది. ఆ పని ఏమిటో శాస్త్రజ్ఞులు చాలావరకు తేల్చారు కూడా. చిక్కల్లా మనం దాన్ని నెలలతోనూ ఏళ్లతోనూ కొలవడంలో ఉంది. పాతదనాన్ని తెచ్చేది గింజ గడిపిన వేడి, తేమ. క్యాలెండరు వాటికి ఉజ్జాయింపు గుర్తు మాత్రమే. ఈ సంగతి పట్టుకుంటే బియ్యం కొనేవారికే కాదు, పండించేవారికి సంబంధించిన లెక్క కూడా కొంత తేటపడుతుంది.

ముందు గిన్నెలో ఏం కనబడుతుందో చూద్దాం. కొత్త బియ్యం ఎసట్లో పడిన కాసేపటికే నీళ్లు చిక్కబడి తెల్లబడతాయి, నురుగు మూతను ఎత్తుకుని పొయ్యి మీదికి పొంగుతుంది. గింజ కొసలు చితికి పక్కగింజను అంటుకుంటాయి, ఒక్క నిమిషం ఏమరితే మొత్తం చిమిడిపోతుంది. అదే రకం ఏడాది నిలవ ఉన్నదైతే గంజి పలచగా వస్తుంది. గింజ నీళ్లు ఎక్కువ తాగి, పొడవు సాగి, మెతుకు మెతుకుగా విడివడుతుంది. అన్నం బాగా ఒదుగుతుంది. కొత్తవాటికి గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు సరిపోతే పాతవాటికి రెండు దాకా పడతాయి. పులిహోరకు పాతబియ్యం, పరమాన్నానికి కొత్తబియ్యం అని ఇళ్లలో చేసే విభజన వెనక ఉన్నది ఈ గుణమే. ఒకప్పుడు గంజి వార్చి వండే ఇళ్లలో కొత్తబియ్యపు జిగురు సగం గంజితో పాటు బయటికి పోయేది. అత్తెసరు వంట, ఆ తర్వాత ప్రెషర్ కుక్కరు, కరెంటు కుక్కరు వచ్చాక వార్చడం పోయింది, వదిలిన పిండి అంతా అన్నంలోనే ఉండిపోతోంది. పాతబియ్యం మీద పట్టణాల్లో పట్టింపు పెరగడానికి కుక్కరు కూడా ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఇక గింజ లోపలి సంగతి. నిలవలో పిండిపదార్థం పరిమాణం పెద్దగా మారదు. మారేది దాని చుట్టూ ఉన్న మాంసకృత్తులు, కొవ్వులు, కణాల గోడలు. మాంసకృత్తుల్లోని గంధకపు పరమాణువులు గాలిలోని ప్రాణవాయువు ప్రభావంతో ఒకదానితో ఒకటి ముడిపడతాయి. అలా ముడులు పెరిగేకొద్దీ పిండి రేణువుల చుట్టూ వల బిగుసుకుంటుంది. ఉడికేటప్పుడు రేణువు ఉబ్బుతుంది గానీ పగిలి నీళ్లలోకి జారిపోదు. మరోవైపు కొద్దిపాటి కొవ్వు విడిపోయి కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. వాటిలో కొన్ని పిండిలోని అమైలోజ్ అనే పొడవాటి పోగులతో జతకట్టి అవి కరగకుండా ఆపుతాయి. కణాల గోడలు కూడా గట్టిపడతాయి. గంజి పలచన కావడం, మెతుకు విడివడడం, ఉడకడానికి మరికాస్త సమయం పట్టడం, అన్నీ ఇందులోంచి వచ్చినవే. ఈ మార్పులు కోసిన తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో చురుగ్గా సాగి, ఆపైన నెమ్మదిస్తాయి.

ఇదంతా తేమ ఆరడమే, దానికింత రసాయనం ఎందుకని అడగవచ్చు. ఆరడం ఒక్కటే కారణమైతే కొత్త ధాన్యాన్ని నాలుగు రోజులు ఎండలో గట్టిగా ఎండబెట్టి మరపట్టిస్తే పాతబియ్యం అయిపోవాలి. కాదని వండేవారందరికీ తెలుసు, ఆరిన కొత్తబియ్యమూ అతుక్కుంటుంది. దీనికి తిరుగులేని సాక్ష్యం జపాను నుంచి వస్తుంది. అక్కడివారికి కావలసింది జిగురున్న, మెరిసే కొత్తబియ్యం. శరదృతువులో కొత్తపంట రాగానే దాన్ని ప్రత్యేకంగా కొనుక్కుంటారు. ఆ కొత్తదనం పోకుండా బియ్యాన్ని 15 డిగ్రీల సెల్సియస్‌కు దించిన గోదాముల్లో ఉంచుతారు. నెలలు మామూలుగానే గడుస్తాయి, బియ్యం మాత్రం అంతగా పాతబడదు. అదే బియ్యాన్ని దివిసీమలో రేకుల షెడ్డు కింద ఏప్రిల్, మే నెలలు దాటిస్తే పని గబగబా జరిగిపోతుంది. ఏడాదో రెండేళ్లో నిలవ ఉంచిన బాస్మతికి అంత పేరు రావడానికీ ఇలాంటి నిలవ ఒక కారణం. కాబట్టి ‘ఏడాది పాతవి’ అన్న మాట ఎక్కడ, ఎంత వేడిలో, ఎంత తేమతో అన్న ప్రశ్నలు లేకుండా సగం మాటే.

పాతబడేకొద్దీ ఇంకా మంచిదన్న నమ్మకం మరో చిక్కు. కావలసిన మార్పు జరిగిపోయాక మిగిలేది నష్టమే. కొవ్వులు ఇంకా విడిపోయి హెక్సనాల్ వంటి పదార్థాలు పెరిగి ముక్కవాసన వస్తుంది, గింజ పసుపు తిరుగుతుంది, పురుగు పడుతుంది. సువాసన ఉన్న రకాల్లో ఆ వాసన రోజురోజుకీ తగ్గిపోతుంది. అయినా రంగు ముదిరితే సరుకు పండినట్టేనన్న భ్రమ మనుషులను వదలదు. వంటింటికి బొత్తిగా సంబంధం లేని చోట కూడా ఇదే భ్రమ కనబడుతుంది. విదేశాల్లో ఈ-సిగరెట్లు పీల్చేవారు వాటిలో పోసే ద్రవాన్ని వారాల తరబడి చీకటి అలమరలో ఉంచి, మధ్యమధ్య సీసా కుదిపి, రంగు ముదిరాక రుచి కుదిరిందంటారు. ఆ సీసాలో నిజంగా జరిగేవి మూడు. చిక్కటి గ్లిజరిన్‌లో రుచి పదార్థాలు సమంగా కలుస్తాయి. ఘాటుగా ఉండే ఆల్కహాలు వంటివి మూత తీసినప్పుడల్లా కొంత ఎగిరిపోతాయి. మూడోది రసాయన చర్య. రంగు ముదరడానికి ముఖ్య కారణం నికొటిన్ ఆక్సీకరణ, దానికీ రుచి కుదరడానికీ పెద్దగా సంబంధం లేదు. వెనిలా, దాల్చినచెక్క రుచులనిచ్చే పదార్థాలేమో ద్రవంలోని ప్రొపిలీన్ గ్లైకాల్‌తో కలిసి కొత్త సమ్మేళనాలుగా మారతాయి. అవి శ్వాసనాళంలో మంట పుట్టించే గ్రాహకాలను అసలు రుచి పదార్థాల కంటే ఎక్కువగా రెచ్చగొడతాయని అమెరికాలోని యేల్, డ్యూక్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2018లో చూపారు. నాలుక మెచ్చిన మార్పును ఊపిరితిత్తులు మెచ్చాలని లేదు. మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకమే కాదు, నిల్వ ఉంచడం కూడా నేరం. కనుక ఆ సీసాల సంగతి మనకు ఉదాహరణగా తప్ప అక్కర్లేదు. నిలవలో ఏం మారుతోంది, అది మనకు కావలసిన మార్పేనా అని విడివిడిగా అడగాలి. బియ్యం విషయంలో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది, అదీ ఒక హద్దు దాకా.

దివిసీమ మాసూళ్ల పద్ధతిలో ఈ నిలవకు మొదట్నుంచీ చోటుంది. కోసిన వరిని పనల మీద ఆరనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసి, తీరిక చూసుకుని సంక్రాంతి అటూ ఇటూగా నూర్చేవారు. గింజ వెన్నును వదలకముందే కొన్ని వారాలు గడిచేవి. పైన చెప్పిన చురుకైన తొలి నెలల్లో కొంత భాగం కుప్పలోనే అయిపోయేది. ఆ తర్వాత గాదెలోనో, గడ్డివెంటి చుట్టి కట్టిన పురిలోనో ధాన్యంగానే ఉండేది, కావలసినప్పుడు కావలసినంత మరపట్టించుకునేవారు. ఊక తొడుగు ఉన్నంతకాలం పురుగు బాధ తక్కువ, కొవ్వు చెడడమూ తక్కువ. ఇప్పుడు వరికోత మిషను దిగిన గంటలోనే గింజలు ట్రాక్టరు ట్రక్కులో పడతాయి. వాటిలో తేమ 20 శాతం దాటి ఉండడం మామూలే. ప్రభుత్వ కొనుగోలుకు ఒప్పుకునేది 17 శాతం. అందుకే డిసెంబరులో అవనిగడ్డ, పెడన రోడ్ల వెంబడి కిలోమీటర్ల కొద్దీ పట్టాల మీద ధాన్యం, మధ్యలో కాళ్లతో చాళ్లు తీస్తూ నడిచే మనుషులు కనబడతారు.

కుప్ప వేసే పద్ధతికే తిరిగి పోదామంటే అది కూడా కుదరని పని. కుప్ప లోపల తడి మిగిలితే వేడెక్కి గింజ రంగు మారుతుంది, మిల్లరు తిప్పికొడతాడు. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలోనే చల్లిన మినుము మొలక మీద ఉంటుంది, పనలను ఎక్కువ రోజులు ఉంచితే అది దెబ్బతింటుంది. కూలీలు దొరకరు. అన్నిటికీ మించి తుఫాను. 1977 నవంబరు 19 ఉప్పెన వచ్చింది సరిగ్గా పంట చేతికొచ్చే వేళలో. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచాంగ్ తీరం దాటినప్పుడూ కృష్ణా డెల్టా అంతటా పంట చేలల్లో, రాశుల మీద ఉంది. వాయుగుండం వార్త వినగానే ఎలాగోలా ఒబ్బిడి చేసుకుని అమ్ముకోవాలనుకునే రైతుకు ‘ఆగితే అన్నం బాగుంటుంది’ అని చెప్పడం పరిహాసంలా ఉంటుంది.

ఆగలేని కాలానికి మిల్లులు కనిపెట్టిన ఉపాయం ఆవిరి. కొట్లో ‘స్టీమ్’ అని అమ్మే బియ్యం ఉప్పుడుబియ్యం కాదు. ధాన్యాన్ని రాత్రంతా నానబెట్టకుండా కొద్దిసేపు ఆవిరి పట్టించి, ఆరబెట్టి, మరపడతారు. ఆ వేడికి గింజ పైపొర పిండి కొంత బిగుసుకుని, కొత్త ధాన్యమే అయినా విడివిడి అన్నమవుతుంది. దీన్ని మోసమనేవారితో నేను ఏకీభవించను. స్టీమ్ అని చెప్పి స్టీమ్ ధరకు అమ్మితే అందులో మోసమేముంది? నెలల పని నిమిషాల్లో అవుతుందంటే, పాతదనం తెచ్చేది వేడీ తేమలేనన్న మాటకు అదీ ఒక సాక్ష్యమే. పచ్చిబియ్యపు పాతరుచికి ఇది అచ్చంగా సమానం కాదని నాలుక పట్టింపు ఉన్నవారు అంటారు. రంగులోనూ కాస్త తేడా తెలుస్తుంది. కానీ స్టీమ్ సరుకునే ‘పాతవి’ అని అంటగడితే మాత్రం గొడవ పడాల్సిందే.

పోషకాల సంగతి అడిగేవారికి క్లుప్తంగా: నిలవలో థయమిన్ వంటి బి విటమిన్లు కొంత తగ్గుతాయి. అయితే పాలిష్ పట్టినప్పుడు పోయే దానితో పోలిస్తే ఆ నష్టం చిన్నది. దంపుడు బియ్యాన్ని మాత్రం పాతబెట్టే ఆలోచన చేయకూడదు, తవుడులోని నూనె త్వరగా కనరెక్కుతుంది. దాన్ని ధాన్యంగానే దాచుకుని ఎప్పటికప్పుడు దంపించుకోవాలి.

ఇంత చెప్పుకున్నాక ధర దగ్గరికి రాక తప్పదు. కొత్తబియ్యానికీ పాతబియ్యానికీ మధ్య తేడాగా మనం ఇచ్చే డబ్బు నిజంగా దేనికి పోతోంది? గింజ లోపల జరిగే పని ఉచితం, ప్రకృతే చేస్తుంది. ఖర్చల్లా కప్పుకు, పట్టాలకు, పురుగు మందుకు, తరుగుకు, అన్నిటికంటే ఎక్కువగా ఆగిన పెట్టుబడి మీద వడ్డీకి. మద్దతు ధర పాతదనాన్ని లెక్కలోకి తీసుకోదు. 2025-26కు సాధారణ రకం క్వింటాలుకు ప్రకటించిన 2,369 రూపాయలు కోసిన వారానికీ అంతే, నెల ఆగినా అంతే. కౌలు బస్తాలు కట్టాలి, ఎరువుల కొట్టు అప్పు తీర్చాలి, రెండో పంటకు పెట్టుబడి కావాలి. కౌలు రైతు దగ్గర ధాన్యం ఉండేది రోజులే. అది పాతబడేది మిల్లరు గోదాములోనూ వ్యాపారి కొట్టులోనూ. ఆ విలువ కూడా అక్కడే చేరుతుంది. దాచిన ధాన్యం రసీదు మీద బ్యాంకు అప్పిచ్చే ఏర్పాటుకు 2007లో గిడ్డంగుల చట్టం వచ్చింది. నమోదైన గోదాము దగ్గర్లో ఉండి, లారీ కిరాయి పెట్టుకోగలిగి, ధాన్యం తన పేరు మీద చూపించుకోగలిగినవారికి అది పనికొస్తుంది. పొలం పేరు ఒకరిది, పంట మరొకరిది అయిన చోట ఆ మూడూ ఒకచోట కుదరడం కష్టం.

కొనేవారి చేతిలో ఉన్న ఆధారం ఇంకా తక్కువ. 2022 జూలైలో 25 కిలోల వరకు ఉన్న బియ్యం ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేయగానే కొట్లలో 26 కిలోల సంచులు వెలిశాయి. ఒక్క కిలో ఎక్కించడంతో పన్ను తప్పింది. తూనికలు కొలతల చట్టం కింద అప్పటి ప్యాకేజీ నిబంధనలు కూడా 25 కిలోలు దాటిన సంచికి వర్తించలేదు. సంచి మీద బ్రాండు బొమ్మ, రకం పేరు, బరువు ఉంటాయి. తేదీ ఉన్నా అది సంచిలో నింపిన రోజుదే. కోసిన నెల ఎక్కడా ఉండదు. కాబట్టి పాతవని చెబితే పావుకిలో ముందుగా తెచ్చుకుని వండి, గంజి ఎంత చిక్కగా వచ్చిందో చూసుకున్నాకే సంచి కొనడం మేలు.