స్టెప్ కౌంట్ కాదు, స్టెప్ ఎలా పడుతోందో చూడండి!

కొత్త స్మార్ట్‌వాచ్ కొనగానే మనం రోజూ చూసేది ఒక్కటే: ఈ రోజు ఎన్ని అడుగులు? కానీ కుంటుతూ వేసినా, నిటారుగా వేసినా కౌంటర్‌కి అడుగు అడుగే. నడక ఎలా ఉందో తెలియాలంటే అడుగుల సంఖ్య చాలదు, అడుగుకీ అడుగుకీ మధ్య టైమ్ చూడాలి.

సెన్సర్ ఏం చూస్తుంది?

ఫోన్‌లోని యాక్సెలరోమీటర్ వేగంలో వచ్చే మార్పుని, గైరోస్కోప్ తిరిగే వేగాన్ని కొలుస్తాయి. మడమ నేలను తాకిన ప్రతిసారీ గ్రాఫ్‌లో ఒక పీక్ వస్తుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి... పీక్‌ల మధ్య గ్యాప్ సమానంగా ఉంటే నడక బ్యాలెన్స్‌గా ఉన్నట్టు. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా వస్తుంటే ఒక కాలి మీద బరువు తక్కువసేపు మోపుతున్నారేమో అని అనుమానించాలి.

ఎక్కడ పెట్టుకోవాలి?

మణికట్టు మీద వాచ్‌కి చేతి ఊపు కూడా కలుస్తుంది. అందుకే నడుము దగ్గరుండే ఫోన్ దీనికి మెరుగు. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడల్స్‌లో హెల్త్ యాప్ నడక వేగం, అడుగు పొడవు, రెండు కాళ్ల మధ్య తేడా చూపిస్తుంది. 2020లో ఐఓఎస్ 14తో వచ్చిన ఫీచర్లివి.

మరి దూరం?

ఇక్కడే చిక్కు. యాక్సెలరేషన్ నుంచి దూరం రావాలంటే రెండుసార్లు ఇంటిగ్రేట్ చెయ్యాలి. సెన్సర్‌లో 0.01 మీ/సె² స్థిరమైన తేడా ఉన్నా, నిమిషంలో అది 18 మీటర్ల తప్పు అవుతుంది! దీనికి ఇంజనీర్ల చిట్కా: సెన్సర్‌ని పాదానికి కట్టడం. ప్రతి అడుగులో పాదం నేల మీద ఒక్క క్షణం ఆగుతుంది కదా, అప్పుడు వేగాన్ని సున్నా చేసేస్తారు. తప్పు అంతగా పేరుకుపోదు.

ఇంట్లో ట్రై చెయ్యండి

జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ యూనివర్సిటీ వాళ్ల ఫైఫాక్స్ యాప్ ఫ్రీ. ఆండ్రాయిడ్‌లోనూ ఉంది. గ్రావిటీ తీసేసిన యాక్సెలరేషన్ ఆప్షన్ తెరిచి, ఫోన్‌ని నడుము వెనక మధ్యలో బెల్ట్‌తో బిగించి, ఇరవై అడుగులు నడిస్తే చాలు.

మోకాలి ఆపరేషన్ అయిన మా నాన్నకి ఇలాగే కట్టాను. "బానే నడుస్తున్నా కదరా" అన్నారాయన. గ్రాఫ్‌లో మాత్రం గ్యాప్‌లు పొడుగు, పొట్టి, పొడుగు, పొట్టి. ఫిజియోథెరపిస్ట్‌కి చూపిస్తే, నొప్పి భయంతో ఆ కాలి మీద పూర్తిగా బరువు వెయ్యట్లేదని చెప్పి ఎక్సర్‌సైజులు మార్చారు. వారం వారం రికార్డ్ చేస్తుంటే ఆ తేడా తగ్గడం నాన్నే స్క్రీన్ మీద చూసుకున్నారు. నా మాట కంటే గ్రాఫ్ మాటే ఎక్కువ నమ్మారు!

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఇది డాక్టర్‌కి బదులు కాదు. మీ గ్రాఫ్‌ని ఇంకొకరి గ్రాఫ్‌తో పోల్చకండి. అదే చోట ఫోన్, అవే చెప్పులు, అదే దారి పెట్టుకుని, మీ పాత గ్రాఫ్‌తోనే పోల్చుకోండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే మొదటి రికార్డింగ్ తీసి సేవ్ చేసి పెట్టండి. రేపు నడకలో తేడా వస్తే, పోల్చి చూసుకోవడానికి అది ఉండాలి.