షుగర్ ఉన్న మగవాళ్ళకి పిల్లల విషయంలో ఇబ్బంది ఎక్కడొస్తుంది?

టైటిల్ చూసి సగం మంది ఇయర్‌ఫోన్స్ వెతుక్కుని ఉంటారు. పర్లేదు, పెట్టుకునే వినండి. షుగర్ వస్తే మగవాళ్ళ లైంగిక ఆరోగ్యానికి ఏమవుతుంది, పిల్లలు పుట్టడానికి ఎక్కడ అడ్డం పడుతుంది, ఈరోజు అదే మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాదు. బీటెక్ చేసి కొన్నేళ్ళు కోడ్ రాసుకున్నవాణ్ణి. లోపల ఏం జరుగుతుందో నాకు అర్థమైన భాషలో చెప్తాను. ఏ మాత్ర, ఎంత డోసు అన్నది మాత్రం మీ డాక్టర్ పని.

"ఇది మా నాన్న వయసువాళ్ళ గొడవ కదా బ్రో" అనుకుంటున్నారేమో. ఐసీఎంఆర్ ఇండియాబ్ స్టడీ 2023లో వచ్చింది. దాని లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. ఇంకో 13 కోట్ల 60 లక్షల మంది బోర్డర్‌లో ఉన్నారు. పైగా మనవాళ్ళకి షుగర్ తెల్లవాళ్ళకంటే చిన్న వయసులో, తక్కువ బరువులోనే వచ్చేస్తుంది. కాళ్ళు చేతులు సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకొచ్చిన వాళ్ళని ఆఫీసుల్లో రోజూ చూస్తూనే ఉంటాం కదా. మన మగవాళ్ళకి నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమంటారు. అంటే సరిగ్గా పెళ్ళయి, పిల్లల కోసం చూసే వయసులోనే ఇది తగులుకుంటోంది.

మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే "ఏమ్మా, విశేషమేమైనా ఉందా?" అని కోడల్ని అడగడం మొదలు. రెండో ఏడు ఆమెకి స్కానింగులు, హార్మోన్ టెస్టులు, ట్యూబుల టెస్టు. మరి ఆయనకి? "మావాడికేంటి, గుండ్రాయిలా ఉన్నాడు." ఆ గుండ్రాయికి షుగర్ ఎంతుందో ఎవరూ చూడరు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు నుంచి కూడా కారణం ఉంటుందని డాక్టర్లు ఎప్పటినుంచో చెప్తున్నారు.

సరే, అసలు విషయానికొద్దాం. అందరూ భయపడే అంగస్తంభన సమస్యతో మొదలుపెడదాం. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి నరాల ద్వారా సిగ్నల్ వెళ్తుంది. అక్కడి నరాలు, రక్తనాళాల లోపలి పొర కలిసి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని వదులుతాయి. దాంతో నాళాలు వదులై రక్తం నిండుతుంది. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువుంటే ఆ లోపలి పొర దెబ్బతింటుంది, నరాలూ దెబ్బతింటాయి. ఇక ఆ వాయువు సరిపడా తయారవదు. ఇందులో మగతనం, చేతకానితనం అనే మాటలకి చోటే లేదు. ఇది ప్లంబింగ్, వైరింగ్ సమస్య. 2017లో 145 స్టడీలని కలిపి చూస్తే షుగర్ ఉన్న మగవాళ్ళలో సగానికి పైగా ఎంతో కొంత ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళే.

ఈ నైట్రిక్ ఆక్సైడ్ పని కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకి 1998లో నోబెల్ ఇచ్చారు. వయాగ్రా అమెరికాలో మార్కెట్‌లోకొచ్చింది కూడా అదే ఏడాది. ఆ మాత్ర కొత్తగా సిగ్నల్ పుట్టించదు, ఉన్న సిగ్నల్ త్వరగా ఆరిపోకుండా కాపాడుతుందంతే. అసలు సిగ్నలే బలహీనంగా ఉంటే కాపాడటానికి ఏముంటుంది? అందుకే షుగర్ ఉన్నవాళ్ళలో చాలామందికి అది మిగతావాళ్ళకి పనిచేసినంతగా పనిచేయదు. ఇంకో ముఖ్యమైన సంగతి. గుండెనొప్పికి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళు దీన్ని వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకొస్తుంది. మెడికల్ షాపులో గుసగుసగా అడిగి తెచ్చుకునే వస్తువు కాదిది. "పూర్తిగా ఆయుర్వేదం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు" అని అమ్మే పొడుల్లో ఇదే మందు కలిపి పట్టుబడిన కేసులూ ఉన్నాయి.

ఇక్కడ గుండె సంగతి కూడా చెప్పాలి. ఆ భాగానికి వెళ్ళే రక్తనాళం 1 నుంచి 2 మిల్లీమీటర్లు ఉంటుంది. గుండెకి వెళ్ళేవి 3, 4 మిల్లీమీటర్లు. నాళాలు పూడుకుపోవడం మొదలైతే ముందు ఏది ఇబ్బంది పెడుతుంది? సన్నదే కదా. అందుకే 40 లోపు వాళ్ళలో ఈ సమస్య కనిపిస్తే మంచి డాక్టరెవరైనా షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ కూడా చూస్తారు.

మా పాత టీంలో ఒకతను ఉండేవాడు, 31 ఏళ్ళు. షుగర్ అని తేలింది, డాక్టర్ మెట్‌ఫార్మిన్ రాశారు. కొన్నాళ్ళకి ఈ ఇబ్బంది మొదలైంది. "షుగర్ మాత్రల వల్లే నరాల బలహీనత" అని ఎవరో వాట్సాప్‌లో పంపింది చదివి, ఇంట్లో కూడా చెప్పకుండా మాత్రలు ఆపేశాడు. నాలుగు నెలల తర్వాత టెస్ట్ చేయిస్తే మూడు నెలల సగటు 7.8 నుంచి 10 దాటిపోయింది. తను ఏ నరాల కోసం భయపడ్డాడో ఆ నరాలనే చక్కెరలో నానబెట్టాడన్నమాట. మెట్‌ఫార్మిన్ వల్ల మగతనం పోతుందనేది అపోహ. ఇన్సులిన్ గురించి చెప్పేదీ అంతే. కొన్ని బీపీ మందులకి మాత్రం ఈ సైడ్ ఎఫెక్ట్ ఉండొచ్చు. అలా అనుమానమొస్తే డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి, మీ అంతట మీరు ఆపొద్దు.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం. అంగస్తంభన బాగానే ఉంటుంది, సుఖం తెలుస్తుంది, కానీ చివర్లో వీర్యం ఒకట్రెండు చుక్కలే వస్తుంది, లేదా అసలు రాదు. ఏమైపోయింది? వెనక్కి, మూత్రాశయంలోకి వెళ్ళిపోయింది. మామూలుగా ఆ సమయానికి మూత్రాశయం మెడ గట్టిగా మూసుకుంటుంది, కాబట్టి వీర్యం ముందుకే వస్తుంది. ఆ మూసే పని చూసుకునే నరాలు షుగర్ వల్ల దెబ్బతింటే తలుపు తెరిచే ఉండిపోతుంది. తర్వాత మూత్రానికి వెళ్తే కాస్త మబ్బుగా, తెల్లగా కనిపిస్తుంది. దీనివల్ల ఒంటికి హాని లేదు, కానీ పిల్లలు మాత్రం పుట్టరు. ఇలాంటివాళ్ళు సెమెన్ టెస్ట్‌కి వెళ్తే శాంపిల్ సరిపడా రాదు. వీర్యం 1.4 మిల్లీలీటర్లైనా ఉండాలని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. అంతకంటే బాగా తగ్గిందంటే, వీర్యం వచ్చాక పట్టిన మూత్రాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తారు. అందులో శుక్రకణాలు కనిపిస్తే కారణం దొరికినట్టే. కొందరికి మాత్రలతో ఆ మెడ మళ్ళీ బిగుసుకుంటుంది. అలా కాకపోతే, మూత్రంలో ఆమ్లం తగ్గేలా ముందే మందిచ్చి, అందులోంచి కణాలు వేరుచేసి, కడిగి, ఐయూఐకో ఐవీఎఫ్‌కో వాడతారు. అలా తండ్రులైనవాళ్ళు ఉన్నారు. "నీకు పిల్లలు పుట్టరు" అని ఎవరో తేల్చేస్తే అక్కడితో ఆగిపోకండి, మూత్రం టెస్ట్ చేశారా అని అడగండి.

మరి సెమెన్ రిపోర్ట్ నార్మల్ అని వస్తే? 2007లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు షుగర్ ఉన్న 27 మందిని, లేని 29 మందిని పోల్చి చూశారు. కౌంట్, కదలిక, ఆకారం ఇద్దరిలోనూ ఇంచుమించు ఒకటే. వీర్యం పరిమాణం మాత్రం కొంచెం తక్కువ. కానీ కణాల లోపలున్న డీఎన్‌ఏ చూస్తే, షుగర్ ఉన్నవాళ్ళలో 53 శాతం ముక్కలై ఉంది, లేనివాళ్ళలో 32 శాతం. చిన్న స్టడీయే, దీన్ని పట్టుకుని గుండెలు బాదుకోనక్కర్లేదు. కాకపోతే మామూలు రిపోర్ట్ లెక్క మాత్రమే చెప్తుంది, సరుకు నాణ్యత మొత్తం చెప్పదని అర్థమవుతుంది. గర్భం మళ్ళీ మళ్ళీ నిలబడకపోతే డీఎన్‌ఏ ఫ్రాగ్మెంటేషన్ టెస్ట్ అని విడిగా ఉంది, దాని గురించి డాక్టర్‌ని అడగొచ్చు.

ఒక శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. ఇవాళ్టి శాంపిల్ రెండు మూడు నెలల కిందటి మీ ఒంటి పరిస్థితి చెప్తుంది. షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్ట్ కూడా దాదాపు మూడు నెలలదే. కాబట్టి పిల్లల కోసం చూస్తున్నవాళ్ళు షుగర్ అదుపులోకి తెచ్చుకుని, మూడు నెలలాగి మళ్ళీ టెస్ట్ చేయించుకుంటే ఆ పోలికకి అర్థం ఉంటుంది. వారం రోజులు అన్నం మానేసి టెస్ట్‌కి పరిగెత్తితే ఏమీ తెలియదు.

టెస్టోస్టెరాన్ గురించి క్లుప్తంగా. టైప్ 2 షుగర్ ఉన్న మగవాళ్ళలో మూడోవంతు మందికి ఇది తక్కువుంటుందని స్టడీలు చెప్పాయి. కోరిక తగ్గడం, నీరసం, కండ కరగడం. అలాగని జిమ్‌లో ఎవరో చెప్పారని ఇంజెక్షన్ తీసుకోకండి. బయట్నుంచి హార్మోన్ అందితే మెదడు లోపలి ఫ్యాక్టరీకి ఆర్డర్లు ఆపేస్తుంది, శుక్రకణాల సంఖ్య సున్నాకి పడిపోవచ్చు. పిల్లలు కావాలనుకుంటున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్తే వేరే దారులు చూస్తారు. పొట్ట తగ్గినా హార్మోన్ కొంత పెరుగుతుంది.

చివరిగా చర్మం సంగతి. ముందరి చర్మం కింద దురద, ఎర్రదనం, తెల్లటి పొర, చర్మం పగిలి వెనక్కి రాకపోవడం, ఇవి మళ్ళీ మళ్ళీ వస్తుంటే షుగర్ చూపించుకోండి. కొందరికి షుగర్ బయటపడేదే ఇలా. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు చక్కెరని మూత్రంలోకి పంపిస్తాయి కాబట్టి, అవి వాడేవాళ్ళకి ఈ ఫంగస్ ఇంకాస్త ఎక్కువ. శుభ్రంగా, పొడిగా ఉంచుకోవాలి, ఫంగస్ క్రీమ్ డాక్టర్ రాసిందే వాడాలి. స్టెరాయిడ్ కలిపిన క్రీమ్‌తో దురద రెండ్రోజులు తగ్గినట్టుండి తర్వాత ముదురుతుంది.

హెచ్‌బీఏ1సీ 5.7 లోపుంటే నార్మల్, 6.5 నుంచి షుగర్ కింద లెక్క. సెమెన్ టెస్ట్‌కి ముందు 2 నుంచి 7 రోజులు దూరంగా ఉండమంటారు. వెళ్ళాల్సింది యూరాలజిస్ట్ లేదా ఆండ్రాలజిస్ట్ దగ్గరికి, షుగర్ కోసం మీ మామూలు డాక్టర్ దగ్గరికి. గోడల మీద నంబర్ రాసుకున్నవాళ్ళ దగ్గరికి కాదు. ఓపీలో మీకు దొరికేది ఐదు నిమిషాలు. ఆయన అడగరు, మీకు నోరు పెగలదు. పక్కన అమ్మో నాన్నో ఉంటే ఇక చెప్పనక్కర్లేదు, వాళ్ళని బయట కూర్చోబెట్టండి. ఈ మాట ఫోన్‌లో టైప్ చేసి పెట్టుకోండి: "డాక్టర్ గారూ, నాకు షుగర్ వచ్చి ఇన్నేళ్ళయింది. ఇన్ని నెలల నుంచి అంగస్తంభనలో ఇబ్బంది ఉంది, వీర్యం తక్కువగా వస్తోంది. మేం పిల్లల కోసం చూస్తున్నాం." చదవడానికీ సిగ్గనిపిస్తే ఫోన్ ఆయన చేతికిచ్చేయండి.