సముద్రం మాట, గాలి మాట

విస్సన్నపేట హాస్టల్లో ఉన్నప్పుడు జూన్ వస్తే మా బెంగంతా ఇంటి దగ్గర వాన పడిందా లేదా అనే. పీజీకి వచ్చాక దాని వెనుక లెక్క కాస్త తెలిసింది.

1997లో చాలా పెద్ద ఎల్‌నినో వచ్చినా దేశంలో వర్షం సగటుకు 102 శాతం. 2002లో అంతకన్నా చిన్నదే వచ్చింది, వర్షం 81 శాతానికి పడిపోయింది. 1997లో హిందూ మహాసముద్రం పడమటి వైపు వేడెక్కి మనల్ని కాచిందంటారు.

పాత కంప్యూటర్ నమూనాల్లో సముద్రపు వేడిని ముందే ఇచ్చేసి, గాలిని మాత్రమే లెక్కగట్టేవారు. నీరు వేడెక్కితే వాన పెరుగుతుందని అవి చూపేవి. నిజానికి మబ్బు ఎండను ఆపుతుంది, గాలి నీటిని చల్లారుస్తుంది. 2012లో మొదలైన మాన్‌సూన్ మిషన్ నమూనా రెండింటినీ కలిపి లెక్కిస్తుంది. ఇలాంటివి ఎల్‌నినోను కొన్ని నెలల ముందే పసిగడతాయి. మన మండలంలో ఏ వారం వాన పడుతుందో మాత్రం జూన్‌లోనే చెప్పలేవు. మా నాన్నలు అడిగేది అదే.