గేజు కుదిరితే చాలదు

రైల్వే పట్టణమైన ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు: గేజు 1,676 మిల్లీమీటర్లకు సరిపోయినంత మాత్రాన ప్రతి ఇంజనూ ప్రతి మార్గంలోనూ నడవదు, వంతెన దాని బరువును మోయగలగాలి.

పాత డెస్క్‌టాప్ కంప్యూటరుకు కొత్త ప్రాసెసరు కొనేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. 2017లో వెలువడిన ఇంటెల్ ఎనిమిదవ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 2015 నాటి మదర్‌బోర్డుల 1151 కాంటాక్టుల సాకెట్‌లో చక్కగా అమరేవి. కాని పనిచేసేవి కావు. విద్యుత్తు అందే ఏర్పాటు మారింది. చిప్‌సెట్ కూడా కొత్తదే కావలసివచ్చింది.

ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 సాకెట్ పలు తరాలకు ఆశ్రయమిచ్చింది. అయితే కంప్యూటరును మేల్కొలిపే బయోస్ ప్రోగ్రామును, పాత ప్రాసెసరు ఉండగానే, నవీకరించుకోవలసివచ్చేది.

కనుక సొమ్ము చెల్లించకముందే బోర్డుపై ముద్రించిన మోడల్ పేరును, తయారీదారు ప్రకటించిన ప్రాసెసర్ల జాబితాను సరిచూసుకోవాలి. పెట్టె విప్పిన ప్రాసెసరును దుకాణదారు తిరిగి తీసుకోకపోవచ్చు.