విదేశీ భాషాధ్యయనం – సహవాసం

ప్రతి సంవత్సరం ప్రవేశాల వేళ ద్వితీయ భాషను ఎన్నుకొనవలసిన ఘట్టం వచ్చినప్పుడు విద్యార్థులూ, వారి తల్లిదండ్రులూ మమ్ములను అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, దేనిలో మార్కులు ఎక్కువ పడతాయి?" ఏ భాష వస్తే ఏ గ్రంథాలు చదువవచ్చును, ఎవరితో మాట్లాడవచ్చును అని అడిగినవారు మా అనుభవంలో అరుదు. తెలుగు ఇంటి పిల్లలు సంస్కృతాన్నో ఫ్రెంచినో తీసుకొంటారు. ఉర్దూ ఇంటి పిల్లలు అరబ్బీని తీసుకొంటారు. నూటికి తొంభైకి పైగా మార్కులు తెచ్చుకొంటారు. ఆ పట్టీ చేతిలో ఉన్నా, రెండేళ్లు చదివిన భాషలో దాహం వేస్తున్నదని చెప్పలేకపోతారు. ఈ దోషం విద్యార్థులది కాదు. పరీక్షా విధానంలో కొంత, మా బోధనలో కొంత ఉన్నది.

ఇటీవల మన కార్యవర్గంలో ఈ విదేశీ భాషల వల్ల ప్రయోజనమేమిటన్న ప్రశ్న వచ్చినదనీ, భాషా ప్రయోగశాల ఒకటి నెలకొల్పి చూద్దామని కొందరు, ఆ తరగతులనే ఎత్తివేద్దామని కొందరు అభిప్రాయపడినారనీ విన్నాము. తెలుగు చెప్పుకొనే వారికి ఈ చర్చలో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చును. పుట్టుకతో రాని భాషను నేర్చుకొని, దానితోనే జీవిక గడుపుకొంటున్నవారము గనుక నాలుగు మాటలు చెప్పే హక్కు మాకున్నదని అనుకొంటున్నాము.

మా ఇంటిభాష ఉర్దూ. బాల్యం నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో గడిచింది. మా ఇంట్లో తల్లినైనా తండ్రినైనా 'ఆప్' అనే సంబోధించాలి. 'తూ' అంటే చెంపమీద దెబ్బ పడేది. బడిలో చేరిన తరువాత తెలుగులో 'ఆప్'కు సమానమైన మాట 'మీరు' అని పంతులుగారు చెప్పినారు. ఆ జ్ఞానంతో మేము పొరుగింటి పెద్దమ్మ దగ్గరకు పోయి, ఎంతో మర్యాదగా "పెద్దమ్మా, మీరు అన్నం తిన్నారా?" అని అడిగినాము. ఆమె ముఖం చిన్నబోయింది. "ఏం బిడ్డా, నేను గంత పరాయిదాన్నయిన్ననా? మీరు గీరు అంటవు!" అన్నది. తెలుగు పల్లెలో తల్లినీ, తల్లివంటి వారినీ 'నువ్వు' అనడంలోనే ఆత్మీయత ఉన్నదన్న సంగతి మా వాచకంలో లేదు. మా పంతులుగారు చెప్పినది తప్పు కాదు; అది సగం మాత్రమే. మిగిలిన సగాన్ని పెద్దమ్మ వాకిట్లో, బతుకమ్మ పాటల దగ్గర, సంత బజారులో నేర్చుకొన్నాము. తరువాత విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. చదివినప్పుడు ఎన్నో గొప్ప గ్రంథాలు చదివినాము గాని ఆ వాకిలి చెప్పిన పాఠం మళ్లీ ఎక్కడా దొరకలేదు.

ఫ్రెంచిలో 'తు', 'వు' అని రెండు సంబోధనలున్నాయి. జర్మనులో 'దు', 'జీ' అని ఉన్నాయి. వ్యాకరణ పుస్తకం వీటిని ఒక్క పంక్తిలో ఏకవచనం, గౌరవవాచకం అని విభజించి ఊరుకొంటుంది. ఎవరిని ఎప్పుడు ఏ మాటతో పిలవాలి, ఒకదాని నుండి మరొకదానికి ఎవరు ముందుగా మారాలి అన్నది ఆ జనంతో కలసి తిరిగిన వారికే తెలుస్తుంది. ఇట్లు భాషను దాని మనుష్యుల నడుమ, వారి తిండి, మర్యాద, హాస్యం, కోపం వీటితో కలిపి నేర్చుకొనడాన్ని ఆంగ్లంలో ఇమ్మర్షన్ అంటున్నారు. మునక అని అనువదించవచ్చును గాని మాకు సహవాసం అన్న మన పాత మాటయే నచ్చుతున్నది.

అరబ్బీ విషయంలో ఈ అవసరం మరీ ఎక్కువ. గ్రంథాలలో, వార్తలలో, ఉపన్యాసాలలో ఉండే అరబ్బీని 'ఫుస్‌హా' అంటారు. ఇండ్లలో, అంగళ్లలో మాట్లాడేది 'ఆమ్మియ'. అది దేశానికొక తీరుగా ఉంటుంది. 'నీకేమి కావాలి' అనడానికి పుస్తకం 'మాదా తురీద్' అని నేర్పుతుంది; రియాద్ అంగడిలో 'విష్ తబీ' అంటారు. రెండింటిలో ఒక్క మాటయైనా కలుస్తున్నదా చూడండి! మన పూర్వ విద్యార్థి ఒకరు అరబ్బీలో ప్రథమ శ్రేణి తెచ్చుకొని రియాద్‌లో ఒక గిడ్డంగిలో ఉద్యోగానికి వెళ్లి, పదిహేను రోజులకే మాకు ఫోను చేసి, "సార్, నేను నోరు తెరిస్తే ఇమాం సాబు ఖుత్బా చదివినట్టున్నదని అందరూ నవ్వుతున్నారు. వాళ్లు మాట్లాడేది నాకు తెలుస్తలేదు" అని వాపోయినాడు. 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రికను మాత్రమే చదివిన పరదేశి మన సరూర్‌నగర్ రైతు బజారులో వంకాయలు బేరమాడినట్లు ఊహించుకొంటే ఆ అబ్బాయి అవస్థ అర్థమవుతుంది. నీతిచంద్రిక చదువరాదని మా భావం కాదు, ఫుస్‌హా అక్కరలేదనీ కాదు. అది రానివానికి ఖురాను అర్థం కాదు, ఉత్తరం వ్రాయడం చేతకాదు. కాని దానితో పాటు చెవికి కూడా కొంత చదువు కావాలి.

ఆ చదువుకు విమానమెక్కక తప్పదని చాలామంది అనుకొంటున్నారు. వారిని ముందుగా ఎల్.బి. నగర్‌లో మెట్రో రైలు ఎక్కమని కోరుతున్నాము. 2018లో ఈ మార్గం తెరిచిన నాటి నుండి మన విద్యార్థులు రోజూ దానిలో తిరుగుతున్నారు. స్టేషన్ల పేర్లు మాత్రం ఎవరూ చదివినట్లు లేదు. దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరులో 'దిల్' పారసీ, 'సుఖ'మూ 'నగర'మూ సంస్కృతం. మలక్‌పేటలో తల అరబ్బీ, తోక తెలుగు. చైతన్యపురి అచ్చ సంస్కృతం, న్యూ మార్కెట్ అచ్చ ఆంగ్లం. ఇక దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న మూసారాంబాగ్! ఆ మూసా రాం ఒక ఫ్రెంచివాడని మా తరగతిలో చెప్పినప్పుడు అందరూ మేము పరిహాసమాడుతున్నామనుకొన్నారు.

ఆయన పేరు మిషెల్ జోయాకిం మరీ రేమోఁ. ఫ్రాన్సు దేశపు గస్కోనీ ప్రాంతంలో 1755లో పుట్టి, రెండవ నిజాం కొలువులో సేనానియై, దాదాపు 14,000 మంది సైనికులను పోషించి, గన్‌ఫౌండ్రీ దగ్గర ఫిరంగులు పోయించినాడు. ముస్లిములు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ ఆయనను తమవానిగా చెప్పుకొన్నారని జనశ్రుతి. 1798 మార్చి 25న మరణించినాడు. ఆ యేడే ఆంగ్లేయులు నిజాంతో ఒడంబడిక చేసికొని ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయించినారు. ఆస్మాన్‌గఢ్ గుట్టమీద ఆయన సమాధి, దాని దగ్గర ఎత్తయిన రాతి స్తంభం, 'జె.ఆర్.' అన్న అక్షరాలు నేటికీ ఉన్నాయి. స్తంభాల మంటపం 2001లో వానలకు కూలగా మళ్లీ కట్టినారు. చాలాకాలం అక్కడ ఏటేటా ఉర్సువంటి ఉత్సవం జరిగేదట. ఫ్రెంచి చదివే మన విద్యార్థులు ఆ గుట్ట కిందుగా ప్రతిరోజూ కోచింగు కేంద్రాలకు పోయి వస్తుంటారు. పది మందిని అక్కడకు తీసుకొనిపోయి, చూచినదాన్ని పది ఫ్రెంచి వాక్యాలలో చెప్పుమంటే, ఏ వాచకమూ ఇవ్వలేని పాఠం కాదా?

రేమోఁ ఇప్పుడు మాట్లాడలేడు, నిజమే. మాట్లాడేవారు కావాలంటే ఎల్.బి. నగర్ చౌరస్తా నుండి వలయ రహదారి పట్టి చాంద్రాయణగుట్ట వైపు పోవాలి. పది పన్నెండు కిలోమీటర్లకు మించదు. అక్కడి బార్కాస్ పేట పేరు బ్యారక్స్ అన్న మాట నుండి వచ్చింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చి నిజాముల సైన్యంలో పనిచేసిన అరబ్బుల సంతతివారు అక్కడ నివసిస్తున్నారు. తరాలు గడిచి ఇండ్లలో ఉర్దూ స్థిరపడినా, పెద్దవారి మాటలో, హరీస్ వండే తీరులో, గళ్ల లుంగీలో, పెండ్లిపాటలలో హద్రమౌత్ ఇంకా మిగిలి ఉన్నది. గల్ఫు దేశాలలో ఏండ్ల తరబడి ఉండి వచ్చినవారు కూడా అక్కడ కోకొల్లలు. అయితే ఒక మాట. జంతు ప్రదర్శనశాలకు పోయినట్లు పోరాదు. ఫోను ఎత్తిపట్టి ఫొటోలు తీయడం మొదలుపెడితే ఏ పెద్దమనిషీ రెండవసారి పలుకరించడు. సలాం చెప్పి, కూర్చొని, ఇచ్చిన ఖహ్వా తాగి, అడిగినదానికి జవాబు చెప్పి, ఆ తరువాత అడగాలి.

ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో దాయిరతుల్ మఆరిఫ్ ఉన్నది. 1888లో స్థాపితమైన ఈ సంస్థ అరుదైన అరబ్బీ వ్రాతప్రతులను పరిష్కరించి ముద్రించి ప్రపంచమంతటికీ అందించింది. అల్‌బెరూనీ భారతదేశాన్ని గురించి వ్రాసిన గ్రంథం 1958లో అక్కడ అచ్చయినది. ఆ మహానుభావుడు పదకొండవ శతాబ్దంలో పండితుల వద్ద శిష్యునివలె కూర్చొని సంస్కృతం నేర్చుకొన్నాడు. ఈ దేశాన్ని అర్థం చేసికొనడానికి భాషయే మొదటి అడ్డంకి అని గ్రంథారంభంలోనే ఒప్పుకొన్నాడు. అంతటివానికే కష్టమైనప్పుడు మన పిల్లలు నిరుత్సాహపడనక్కరలేదు.

ఆ పక్కనే తార్నాకలో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉన్నది. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను చేర్చుకొని, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమైనది. ఈ రెండు ప్రాంగణాలలోనూ అరబ్బు, ఆఫ్రికా దేశాల విద్యార్థులున్నారు. వారిలో ఎందరికో ఆంగ్ల సంభాషణలో సాధన కావాలి. మన వారికి అరబ్బీ, ఫ్రెంచి సంభాషణలో సాధన కావాలి. అరగంట వారి భాష, అరగంట ఆంగ్లం అని ఒప్పందం చేసికొంటే ఎవరికీ పైసా ఖర్చు లేదు. జర్మనుకు గోథె కేంద్రం, ఫ్రెంచికి అలియాన్స్ ఫ్రాంసేజ్ మన నగరంలోనే తరగతులు, చలనచిత్ర ప్రదర్శనలు నడుపుతున్నవి.

విదేశాలకు పోయే అవకాశాలు లేకపోలేదు. జర్మనీ ప్రభుత్వ నిధులతో నడిచే డాడ్ సంస్థ అక్కడి విశ్వవిద్యాలయాలలో జరిగే వేసవి భాషా తరగతులకు వేతనమిస్తుంది. ఫ్రెంచి బాగా వచ్చినవారిని ఫ్రాన్సు పాఠశాలలు కొన్ని నెలలపాటు ఆంగ్ల సహాయకులుగా తీసుకొంటాయి. జపాను ప్రభుత్వం జపనీసు ప్రధానాంశంగా చదివేవారికి సుమారు ఒక సంవత్సరపు వేతనమిస్తుంది. సౌదీ విశ్వవిద్యాలయాలు కొన్ని అరబ్బేతరుల కొరకు భాషా విభాగాలు నడుపుతున్నాయి. నియమాలు మారుతుంటాయి గనుక ఆయా సంస్థల ప్రకటనలనే చూచుకొనాలి తప్ప దళారుల మాట నమ్మరాదు. దిల్‌సుఖ్‌నగర్ గోడలమీద మూడు నెలలలో జర్మనీ అని ప్రకటనలు కనిపిస్తున్నాయి. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 స్థాయి భాష కావాలి. ఆరు స్థాయిలలో అది నాల్గవది. మూడు నెలలలో అక్షరమాల నుండి అక్కడికి ఎగబ్రాకడం ఎట్లో ఆ గోడలకే తెలియాలి. నగలు కుదువపెట్టి రుసుము కట్టే తల్లిదండ్రులు ఈ సంగతి ముందుగా తెలిసికొనాలి.

మమ్ములను ఎక్కువగా బాధించే విషయం వేరొకటి ఉన్నది. మన కళాశాలలో ఉర్దూ మాధ్యమం వారు ఒక వరుసలో, తెలుగు మాధ్యమం వారు మరొక వరుసలో మూడేళ్లు కూర్చొని వెళ్లిపోతున్నారు. సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుండి వచ్చి చైతన్యపురి హాస్టళ్లలో ఉండే పిల్లలు నాలుగేళ్లకు కూడా ఆటో బేరానికి మించిన ఉర్దూ నేర్వరు. మలక్‌పేట పిల్లలకు తెలుగు అంటే సినిమా పాటయే. పక్క బల్ల మీది భాషతో సహవాసం చేయలేనివారు పారిస్‌లో ఏమి చేయగలరు? దాశరథి ఉర్దూ చదువుతో పెరిగినందువల్లనే గాలిబ్‌ను తెలుగు చేయగలిగినారు. ఆదిలాబాదు జిల్లాకు చెందిన సామల సదాశివ ఉర్దూ, పారసీ కవుల గూర్చి తెలుగులో వ్రాసినదంతా ఆ సహవాసం పెట్టిన భిక్షయే.

కార్యవర్గం వారికి మా విన్నపం ఇది. భాషా ప్రయోగశాలను మేము కాదనడం లేదు. అయితే దానికి ముందు సంవత్సరానికి నాలుగు శనివారాలు, విద్యార్థుల రానుపోను ఛార్జీలు మంజూరు చేయండి. బాలికల వెంట అధ్యాపకురాలు ఒకరు ఉండాలి. తల్లిదండ్రుల అనుమతి మేమే స్వయంగా తెస్తాము. వారానికొక గంట ఉర్దూ, తెలుగు విద్యార్థులు జంటలుగా కూర్చొని ఒకరి భాష ఒకరికి నేర్పుకొనడానికి ఖాళీ గది ఒకటి ఇవ్వండి. వెళ్లివచ్చిన ప్రతి విద్యార్థీ నేర్చుకొన్న భాషలో ఒక పుట వ్రాయాలి. వాటిలో మంచివి వచ్చే సంవత్సరం ఈ సంచికలోనే అచ్చువేయవచ్చును.

మొదటి ప్రయాణం రేమోఁ గుట్టకే పెట్టుకొందామని ఫ్రెంచి విద్యార్థులు అంటున్నారు. మార్చి 25ననే పోదామని వారి పట్టుదల గాని, అది పరీక్షల కాలం. జనవరి రెండవ వారంలో పోతే సంక్రాంతి సెలవులలో హాస్టళ్లు ఖాళీ అవుతాయి. కాబట్టి మూడవ శనివారమని నిశ్చయించినాము. మూసారాంబాగ్ స్టేషను మెట్ల కింద ఉదయం 8 గంటలకు కలుసుకొనాలి.