ఐరాస భవనానికి మరమ్మతులు: ఖర్చు ఎవరిది? ఆతిథ్య దేశం ఇచ్చే ‘సాయం’ అంటే ఏంటి?

అద్దె ఇంట్లో పైకప్పు కారితే ఓనర్‌కు ఫోన్ చేస్తాం. సొంతిల్లు కారితే మనమే మేస్త్రీని పిలుచుకుంటాం, చేతిలో డబ్బు లేకపోతే బ్యాంకుకు వెళ్తాం. అంతర్జాతీయ సంస్థల కార్యాలయాల విషయంలోనూ లెక్క దాదాపు ఇంతే. ఫలానా దేశం ఐక్యరాజ్య సమితి భవనం బాగుచేతకు ఇన్ని కోట్లు ఇస్తోందని వార్త వచ్చినప్పుడు ముందు చూడాల్సింది అంకె కాదు. ఆ భవనం ఎవరిది, ఇస్తున్నది గ్రాంటా, అప్పా అన్నది.

దీనికి అందరికన్నా మంచి ఉదాహరణ స్విట్జర్లాండ్.

జెనీవాలో ఏం జరిగింది?

జెనీవాలోని ‘పాలే డి నేషన్స్’ న్యూయార్క్ తర్వాత ఐరాసకు ముఖ్యమైన కేంద్రం. ఐరాసకు ముందున్న నానాజాతి సమితి కోసం 1929లో దీనికి శంకుస్థాపన చేశారు, 1930ల్లో కట్టారు. ఆ సమితి రద్దయ్యాక 1946లో భవనం ఐరాస చేతికి వచ్చింది. చుట్టూ ఉన్న అరియానా పార్కును గుస్తావ్ రెవిలియో అనే సంపన్నుడు 1890లో జెనీవా నగరానికి రాసిచ్చారు. అక్కడ నెమళ్లు స్వేచ్ఛగా తిరగాలన్నది ఆయన షరతు అంటారు. నెమళ్లు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి.

భవనం మాత్రం పాతబడింది. తుప్పు పట్టిన పైపులు, ఇప్పటి నిబంధనలకు సరిపోని అగ్నిమాపక ఏర్పాట్లు, ఆస్‌బెస్టాస్, చలికాలంలో వేడిని నిలబెట్టలేని కిటికీలు. 1970ల్లో కట్టిన అదనపు భవనం పరిస్థితీ అంతే. చివరకు 2015 డిసెంబరులో ఐరాస సర్వసభ్య సభ ఒక పునరుద్ధరణ ప్రణాళికను ఆమోదించింది. ఖర్చు 83.65 కోట్ల స్విస్ ఫ్రాంకులు దాటకూడదని పరిమితి పెట్టింది.

అందులో స్విట్జర్లాండ్ 40 కోట్ల ఫ్రాంకులు ఇచ్చేందుకు ముందుకొచ్చింది. అంటే దాదాపు సగం. అయితే ఇది విరాళం కాదు, అప్పు. ఫెడరల్ ప్రభుత్వంతోపాటు జెనీవా ప్రాంతీయ ప్రభుత్వం, నగర పాలక సంస్థ కూడా ఇందులో భాగస్వాములే. భవనం ఐరాస సొంతం కాబట్టి, బాగుచేసుకునే బాధ్యతా ఐరాసదే అన్నది ఇక్కడి సూత్రం.

అప్పు ఇస్తే అది సాయం ఎలా అవుతుంది?

అసలు కిటుకంతా వడ్డీలో ఉంది. 40 కోట్లలో 12.51 కోట్లు కొత్త భవనానికి, 27.49 కోట్లు పాత భవనాల పునరుద్ధరణకు. రెండింటికీ వడ్డీ సున్నా. మొదటిదాన్ని 50 ఏళ్లలో, రెండోదాన్ని 30 ఏళ్లలో తీర్చాలి. సమాన వాయిదాలుగా చూస్తే కొత్త భవనానికి ఏడాదికి 25 లక్షల ఫ్రాంకులు, పునరుద్ధరణకు సుమారు 92 లక్షలు. పైగా ఇవాళ్టి ఫ్రాంకుకు ఉన్న విలువ 40 ఏళ్ల తర్వాత ఉండదు. ఆ తేడాను భరించేది అప్పిచ్చినవాళ్లే, అంటే స్విస్ పన్ను చెల్లింపుదారులు.

ఈ పద్ధతి ఒక్క ఐరాస కోసం పుట్టింది కాదు. అంతర్జాతీయ సంస్థలకు భవనాలు సమకూర్చడం కోసమే స్విస్ ప్రభుత్వం, జెనీవా కలిసి 1964లో ఒక ఫౌండేషన్‌ను పెట్టాయి. కొత్త భవనాలకు 50 ఏళ్ల వడ్డీలేని రుణాలు ఇవ్వడం దాని ద్వారా నడిచే ఆనవాయితీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో కట్టుకున్న కొత్త భవనానికి 14 కోట్ల ఫ్రాంకులు ఇలాగే అందాయి. పాత భవనాల బాగుచేత దగ్గరికి వచ్చేసరికి షరతులు కొంచెం బిగుస్తాయి. గడువు 30 ఏళ్లే, కొన్నిసార్లు చిన్నపాటి వడ్డీ కూడా ఉంటుంది.

మరి స్విట్జర్లాండ్‌కు ఏం లాభం? జెనీవాలో 40 దాకా అంతర్జాతీయ సంస్థలు ఉన్నాయి. వాటి వెంట దౌత్య కార్యాలయాలు, సమావేశాలు, హోటళ్లు, వేల ఉద్యోగాలు. ఆ సంస్థలు అద్దెలు, జీతాలు తక్కువగా ఉండే నగరాలకు వెళ్లిపోతే జెనీవాకు మిగిలేది సరస్సే. కాబట్టి ఇందులో ఉదారత ఎంతో, లెక్క కూడా అంతే.

న్యూయార్క్‌లో ఎందుకు కుదరలేదు?

న్యూయార్క్‌లో ఐరాస ప్రధాన కార్యాలయం కట్టడానికి 1948లో అమెరికా 6.5 కోట్ల డాలర్ల వడ్డీలేని అప్పు ఇచ్చింది. ఐరాస దాన్ని 1982 నాటికి తీర్చేసింది. అదే భవనాన్ని బాగుచేయాల్సి వచ్చినప్పుడు అమెరికా మళ్లీ అప్పు ఇస్తానంది. ఈసారి 120 కోట్ల డాలర్లు, 30 ఏళ్లు, కానీ 5.54 శాతం వడ్డీతో. సమాన వాయిదాలతో లెక్కేస్తే వడ్డీ ఒక్కటే అసలును దాటిపోతుంది. ఐరాస ఆ అప్పు తీసుకోలేదు, 2005లో గడువు ముగిసిపోయింది. చివరకు 200 కోట్ల డాలర్లు దాటిన ఆ ఖర్చును సభ్య దేశాలే ప్రధానంగా పంచుకున్నాయి.

రెండు చోట్లా ఇచ్చింది ఆతిథ్య దేశమే, పేరు కూడా ‘సాయమే’. ఒకదాన్ని తీసుకున్నారు, ఇంకోదాన్ని వదిలేశారు. తేడా వడ్డీ రేటులో ఉంది.

వియన్నాది ఇంకో దారి. 1979లో ప్రారంభమైన అక్కడి ఐరాస సముదాయం ఆస్ట్రియాదే. ఏడాదికి ఒక షిల్లింగు, ఇప్పటి లెక్కలో 7 యూరో సెంట్ల అద్దెకు 99 ఏళ్లకు ఇచ్చింది. ఆస్‌బెస్టాస్ తొలగించాల్సి వచ్చినప్పుడు ఆ భారం ఆస్ట్రియా మీదే పడింది. పెద్ద మరమ్మతుల కోసం ఆస్ట్రియా, అక్కడున్న సంస్థలు కలిసి డబ్బు వేసుకునే ఉమ్మడి నిధి 1981 నుంచి ఉంది. సంస్థల వైపు నుంచి చూస్తే ఇంతకన్నా నిశ్చింత ఉండదు. కాకపోతే ఇల్లు ఎప్పటికీ ఓనర్‌దే.

మనకేంటి సంబంధం?

రెండు రకాలుగా ఉంది. మొదటిది, స్విస్ అప్పు తీర్చేది ఐరాస సభ్య దేశాలు. ఐరాస సాధారణ బడ్జెట్‌లో భారత్ వాటా 2022-24లో 1.044 శాతం. జెనీవా ప్రణాళిక మొత్తానికి ఆ లెక్క వేస్తే స్థూలంగా 87 లక్షల ఫ్రాంకులు. ఒకే ఏడాది కట్టాల్సింది కాదు కాబట్టి మన బడ్జెట్‌లో అది కనిపించదు కూడా. కానీ వడ్డీ పడి ఉంటే ఆ భారంలో మన వాటా కూడా ఉండేది.

రెండోది, మనమూ ఆతిథ్య దేశమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా ప్రాంతీయ కార్యాలయం ఢిల్లీలో ఉంది. 1960ల నాటి ఆ భవనం భూకంప భద్రతకు పనికిరాదని తేలడంతో 2019లో కూల్చేశారు. దాని స్థానంలో కొత్తది కట్టడానికి భారత ప్రభుత్వం నిధులు ఇచ్చేందుకు ముందుకొచ్చింది. అందుకే అప్పు, గ్రాంటు, అద్దె అన్న తేడాలు మన పన్ను డబ్బుకూ వర్తిస్తాయి. ఢిల్లీలో ఇచ్చేవాళ్లం, జెనీవాలో తీర్చేవాళ్లం.

ఆ డబ్బుతో జరగనిది

భవనం కోసం ఇచ్చిన అప్పు భవనానికే. జీతాలకు, కరెంటు బిల్లుకు వాడుకోవడానికి లేదు. సభ్య దేశాలు వాటాలు సకాలంలో కట్టక ఐరాస నగదు కొరతలో పడినప్పుడు, 2023 డిసెంబరు 20 నుంచి 2024 జనవరి 12 వరకు పాలే డి నేషన్స్‌ను మూసేశారు. కారణం, ఖర్చు తగ్గించుకోవడం. సున్నా వడ్డీ అప్పుతో సొగసు దిద్దుకుంటున్న భవనానికే అప్పుడు తాళం పడింది.